బరువెక్కాకే

రెండంగుళాలు.
అంతే లేపాను డెలికాని.
మే నెల్లో అట్‌బాషీ నది తలుపు సందుల్లోంచి లోపలికొచ్చి
బూబూసారా అవ్వ ఉన్నిబూట్లు తడిపి పోయిన దగ్గర్నుంచీ
అదే ధ్యాస నాకు.
బిష్కేక్ బజార్లో కొన్న పొడుగు స్ప్రింగులు
గోనెలో చుట్టి తెచ్చి
నేనూ మా బావమరిదీ
ఆదివారం ఒక్కపూటలో ఎక్కించేశాం.
బండికి ఎత్తుపీట వేశామనుకున్నాం.

సోమవారం నుంచే సణుగుడు.
అరవై దాటితే కడుపులో తుమ్మెద.
ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా.
వెనకాలొస్తున్న లారీవాడు పక్కకొచ్చి అరిచాడు:
"మెలిస్, నీ బండి కుక్కలా పరిగెడుతోందిరా!"
కావాలంటే చూడండి కుక్క పరుగు,
వెనక కాళ్ళు ముందు కాళ్ళ దారిలో పడవు.

నారిన్ ఊరి చివర సల్కిన్ షెడ్డు.
ట్రాక్టర్ల డిపో మూతపడ్డ రోజు
వాళ్ళ నాన్న జేబులో వేసుకొచ్చిన స్పానర్లే ఇంకా.
ఆమె నన్నేమీ అడగలేదు.
దారానికి నట్టు కట్టి
మడ్‌గార్డు అంచు నుంచి వేలాడదీసింది, ఇటొకటి, అటొకటి.
నట్లు ఊగి ఊగి ఆగేదాకా
తను ఊపిరి తీసినట్టే లేదు.
ఎడమ చక్రం లోపలికి. కుడి చక్రం బయటికి.
"పదకొండు మిల్లీమీటర్లు" అంది
ఎవరో పోయారని చెప్పినట్టు.

గోతిలోకి దింపి చూపించింది.
ఛాసిస్‌కీ వెనక ఇరుసుకీ మధ్య
అడ్డంగా ఒక కడ్డీ.
పద్నాలుగేళ్ళుగా నా వెనకే ఉంది,
ఒక్కసారీ దాని మొహం చూడలేదు.
"ఒంటిని పైకి లేపావు. దీని పొడవు పెరగలేదు.
పట్టు వదల్లేదు కాబట్టి
ఇరుసుని తనవైపు లాక్కుంది.
దాన్ననకు."

బ్రేకు గొట్టాన్ని వేలితో మీటింది.
మోగింది. గొట్టం మోగకూడదట.
డిఫరెన్షియల్ ముక్కు నేలచూపులు చూస్తోంది.
పై ఆర్ములు కాస్త పొడిగించి,
గడ్డం కదలకుండా నుదుటిని వెనక్కి నెట్టినట్టు,
దాన్ని తలెత్తి గేరుబాక్సు వైపు చూసేలా చేసింది.
కడ్డీని నడిమికి కోసి
మర తిప్పిన గొట్టం అతికింది.
ఒక చుట్టు. నట్టు ఊగింది.
అర చుట్టు.
వెనక్కి పావు.
సమానం.

హమ్మయ్య అనుకుని బోల్టు బిగించబోతే
చేతి మీద కొట్టింది.
"గాల్లో ఉండగా బిగిస్తే
బుష్షులో రబ్బరు ఆ గాలే తన ఇల్లనుకుంటుంది.
నేలకి దించాక మెలితిరిగి మెలితిరిగి
నెలలో చిరుగుతుంది.
దించు.
రోజూ ఏం మోస్తావో అదంతా ఎక్కించు."

ఫోన్లు చేశాను.
ఆరు బస్తాల బంగాళాదుంపలొచ్చాయి.
బూబూసారా అవ్వ వచ్చింది, కిటికీ సీటు నాదేనంటూ.
జుమ్‌గల్‌బెక్ మాస్టారు, ఆయన అకార్డియన్ పెట్టె.
తిట్టుకుంటూ లారీవాడు.
అవ్వ మనవలిద్దరు. వాళ్ళ గొర్రెపిల్ల, ఎవరూ పిలవకుండానే.
షెడ్డు గోడకెదురుగా
ఇంజను ఆపిన బండిలో
అందరూ తమ తమ చోట్ల కూర్చున్నారు.
టీ గిన్నెలు చేతులు మారాయి.
"ఎక్కడిదాకా వచ్చాం?" మాస్టారడిగాడు.
"కనుమ దాటేశాం" అన్నాడు చిన్నవాడు
గోడ మీది ఆయిలు మరకని చూస్తూ.

కింద చప్పుడు లేదు.
తొంగిచూశాను. గోతిలో వెల్లకిలా సల్కిన్,
స్పానరు బోల్టు మీద పెట్టి
నాకేసే చూస్తోంది.
"నువ్వు బరువు కాదా?"

ఎక్కాను.
స్టీరింగు పట్టుకున్నాను, ఎందుకో.
వెంట్రుకవాసి దిగింది బండి.
అవ్వ తన బూట్లు సర్దుకుంది.

"ఇప్పుడు" అంది కింద నుంచి.