ఒక్కటే బ్యాటరీ

ఏది మంచి బండి అని అడిగితివి.
ఫోను జేబుల పెట్టు, కూసో.
ఆ టైరు మీద కాదు, గ్రీజున్నది.

గీ తెల్లది అంబాసిడర్. పరకాల ఓదెలుది.
దీన్ల ఎంతమంది పడ్తరో ఎవరూ లెక్కపెట్టలే,
డోరు పడితె చాలు.
మేడారం జాతరకు పదకొండు మంది,
డిక్కీల బంగారం, అదే, బెల్లం,
కాళ్ల సందున రెండు కోళ్లు.
తాడ్వాయి అడవిల పట్టీ ఇరిగితే
కట్టె కట్టి తోలుకొచ్చిండు.
ఎనుమాములకు మిర్చి కొట్టిన ఏడాది ఘాటు
ఇంకా సీట్లల్లనే ఉన్నది.
వాసన చూడకు, తుమ్ముతవు.

అగో, అది ఫియట్. రాహెల్ డాక్టరమ్మది.
గేరు స్టీరింగు పక్కన,
సూది ఇచ్చినంత నిమ్మళంగ ఏసేది.
నడిజాముల హన్మకొండ చౌరస్తాల దాని చప్పుడైతే
ఎవరింట్లనో నొప్పులు మొదలైనట్టే.
ఎండకాలం మాత్రం మొండికేసేది.
పెట్రోలు పంపు మీద తడిగుడ్డ,
జరమొచ్చిన పిల్ల నొసట ఏసినట్టు
ఆమెనే ఏసుకునేది.
నన్ను పిలవకపోయేది.

ఓదెలు అనేటోడు:
అది అగ్గిపెట్టెరా, ఊదితే కొట్టుకపోతది.
డాక్టరమ్మ అనేది:
అది బర్రె, ఎక్కడ బురదుంటె అక్కడ పంటది.
నేను ఆయనతోని నీదే బండి అన్న.
ఆమెతోని మీదే బండి అన్న.
ఇరవై ఏండ్లు
రెండబద్ధాల మీద నడిచిందీ షెడ్డు.

ఇప్పుడు అబద్ధం చెప్పుదమంటె ఇద్దరూ లేరు.
నువ్వేమో నిజం అడుగుతున్నవు,
అదీ పెండ్లి ఫోటోల కోసం.

కాంటా పెడితే అంబాసిడరే గెలుస్తది,
పాతసామాన్ల మహబూబును అడుగు.
నన్నడిగితే ఇటు చూడు.
ఈ కుడి బుజం పైకి లేవది.
గేరుబాక్సు కింద ఎల్లెలుకల పండి
ఎత్తి ఎత్తి ఇట్లయింది.
ఎడమ మణికట్టు మీద ఈ తెల్లమచ్చ,
ఫియట్ రేడియేటర్ మూత తొందరపడి తీసిన.
డాక్టరమ్మనే కట్టు కట్టింది.
పైసలియ్యబోతే, బిల్లుల కొట్టెయ్ అన్నది.
నేను కొట్టెయ్యలే.

సలికాలం బుజం గుంజుతది.
మచ్చ గుంజది, కానీ దాని మీదికే
చెయ్యి పోతది ఊకూకె.
గంతే తేడా నాకెరుకైంది.

ఇగ స్టార్ట్ చేసి చూపియ్యమంటవా,
చూపిస్త.
నా కాడ ఒక్కటే బ్యాటరీ ఉన్నది.
ముందు దేన్ని వింటవో
నువ్వే చెప్పు.