ఒకటో వరుస, మూడో బకెట్టు

లాం దాటాక, రేకుల షెడ్డు పక్కన
పాలిథిన్ ఇంట్లో నలభై బకెట్లు.
మట్టి లేదు. కొబ్బరి పొట్టే.
ఒక్కోదానికీ ఓ సన్నని గొట్టం,
గొట్టం చివర చుక్కలుగా
నేను లెక్కగట్టిన అన్నం.

నాలుగు డ్రమ్ములు, నాలుగు మోతాదుల నత్రజని.
ఒకటోది పిసినారి. నాలుగోది పెళ్లివారిల్లు.

నాలుగో వరుస చిలగడ తీగలు
బకెట్లు దిగి, దారి దాటి, నా చెప్పుల మీదికొచ్చాయి.
అరచెయ్యంత ఆకులు, నలుపు తిరిగిన పచ్చ.
చూడ్డానికొచ్చిన వాళ్లంతా
వాటి పక్కనే ఫొటోలు దిగారు.
ఒకటో వరుస గురించి ఎవరూ అడగలేదు.
ముదురాకులు పసుపెక్కి, పాలిపోయి,
మార్చి ఎండకి మధ్యాహ్నానికే తల వాల్చేసేది.

నీళ్లు పట్టే కోటిరత్నం మాత్రం
రోజూ అక్కడే ఆగేది.
"వీటికీ కాస్త పెట్టమ్మా."
ఇది ప్రయోగం అని చెప్పాను.
ముగ్గురు పిల్లలకి ఒక్క గుడ్డు పంచిన మనిషి
ఎలా తలూపుతుందో అలా తలూపింది.

నూట ఇరవయ్యో రోజు బకెట్లు బోర్లించాం.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి, ఇద్దరికీ తుమ్ములు.
నాలుగో వరుసలో పొట్టు నిండా జడలు,
పెన్సిళ్లంత వేళ్లు. దుంప లేదు.
ఒకటో వరుసలో
బకెట్టు గోడని ఉబ్బించిన ఎర్రతోలు దుంపలు,
మూడు, నాలుగు, ఒకదాంట్లో అయిదు.
"కడుపు నిండింది దాచుకోదమ్మా" అంది కోటిరత్నం
తూకం పళ్లెం తుడుస్తూ.

మూడో బకెట్టు దగ్గర మాట ఆగింది.
పైన దట్టమైన ఆకు.
కింద రెండు చూపుడువేళ్లు, అంతే.
గొట్టం చూశాను. చిల్లి చూశాను. చీటీ చూశాను.
ఆమె నా వైపు చూడలేదు.
"మరీ పండిపోతుంటే
నాలుగో డ్రమ్ములోంచి సాయంత్రాలు
చెంబుడు పోశానమ్మా. దీనికొక్కదానికే."

ఎప్పట్నించి?
సంక్రాంతి సెలవుల్లో నువ్వు ఊరెళ్లినప్పట్నించి.
అంటే దుంప కట్టే రోజులన్నీ.

పట్టికలో ఆ గడి ముందు చాలాసేపు కూర్చున్నాను.
సార్ కొట్టెయ్యమంటారు.
గణాంకాల పుస్తకంలో జాలికి ఏ గుర్తూ లేదు.
ఆ రెండు వేళ్లనీ తూచాను.
ముప్ఫై ఒక్క గ్రాములు. రాశాను.

రాత్రి ముక్కలు ఓవెన్లో పెట్టాను, డెబ్బై డిగ్రీలు.
పదింటికల్లా తియ్యటి ఆవిరి వరండా దాకా పాకింది.
వాచ్‌మన్ సుభానీ వచ్చాడు,
ఏం వండుతున్నారని.
వండట్లేదు, ఆరబెడుతున్నానన్నాను.
నమ్మలేదు.
లాఠీ గోడకి ఆనించి
తలుపు దగ్గరే కాసేపు నిలబడ్డాడు.