ఏడో నంబరు చొక్కా

గుణుపురం హైస్కూల్లో ఆటల గది అంటే
సున్నం బస్తా, చిరిగిన రెండు వలలు,
గాలి దిగిన అయిదు బంతులు, నేను.
ఈ రాత్రి వాటికి తోడు ఒక నోటుపుస్తకం.

సాహు బట్టల కొట్టువాళ్లు ఎర్ర ఉన్నిగుడ్డ ఇచ్చారు.
అందులోంచి ఒడియా ‘గు’లు కత్తిరించాలి.
మన ‘గు’ తలకట్టుతో సరిపెట్టుకుంటుంది,
దానికి గొడుగు కావాలి.
వంశధార పక్కన కాపురం కదా, తప్పదేమో.

ఏడాదికోసారి, ఫుట్‌బాల్ ఆడినవాళ్ల జేబు మీద కుట్టిస్తాం.
చొక్కా పీలికలైపోయినా
దారం ఊడదీసి అక్షరాన్ని దాచుకుంటారు కుర్రాళ్లు.

నియమం నేనే రాశాను:
పది సగాలు ఆడినవాడికి ఒక అక్షరం.
గోలు కొట్టాడా, ఎవరి కొడుకు, ఏ కొండ మీంచి దిగొచ్చాడు,
ఇవేవీ అడగను.
అడిగితే హెడ్మాస్టారొకటి చెబుతారు,
సాహుగారు టీ తెప్పించి ఇంకోటి చెబుతారు.
అంకె టీ తాగదు.

పదకొండు మంది అంకెల్లోనే తేలిపోయారు.
మిగిలింది ఇద్దరు.
తపన్ సాహు, తొమ్మిది.
ఇసరు సబర, తొమ్మిది.
పద్మపురం మ్యాచి నాడు నేను జ్వరంతో మంచం మీదున్నాను.
పుస్తకంలో ఆ పేజీ
ఉతికి ఆరేసిన పంచెలా ఉంది.

ఆదివారం బస్సెక్కి రిఫరీ దగ్గరికి వెళ్లాను.
ఆయనకి నంబర్లే గుర్తు.
“ఏడు బాగా పరిగెత్తాడండీ, రెండో సగంలో మరీను.”
ఏడో నంబరు చొక్కా ఒకటే ఉంది మాకు.
పద్దెనిమిది మందికి పదకొండు చొక్కాలు.
దిగినవాడు విప్పి, ఎక్కినవాడికి ఇస్తాడు.

తపన్ అన్నాడు, “నేనే సార్, చివరిదాకా.”
మిగతావాళ్లు నేల చూశారు.
గుడ్డ ఎవరిదో వాళ్లకీ తెలుసు.

ఇసరుని అడిగాను.
సంతలో నేర్చిన తెలుగు వాడిది, పొదుపుగా ఖర్చు పెడతాడు.
“చొక్కా తడిగా ఉండింది సార్.
వీపుకి చల్లగా తగిలింది.”
ఆడావా అంటే మళ్లీ అదే మాట.
వాడు వెళ్లిపోయాక చాలాసేపటికి తట్టింది,
పద్మపురంలో ఆ వారమంతా చినుకు లేదు.

మర్నాడు తపన్‌ని పిలిచి, బంతి తుడుస్తూ,
అటే చూస్తూ అడిగాను:
“ఒరే, అలా చెమట చొక్కా ఇచ్చేయడమేనా వాడికి?”
“పిండే ఇచ్చాను సార్!”
అన్నాక నాలిక కరుచుకున్నాడు.

నేనేం అనలేదు.
ఒక సగం వాడిది, ఒక సగం వీడిది,
ఇద్దరికీ పది.
నిజం చెప్పినా వాడి అక్షరం వాడికి వచ్చేదే,
మరి ఎందుకన్నాడు?
ఇంట్లో ఏం చెప్పి వచ్చాడో,
ఎవరి ముందు చెప్పాడో.
అడగను అని నేనే రాసుకున్నాను కదా.

కుట్టుమిషను సూరమ్మ గుడ్డ కొలిచి పెదవి విరిచింది.
“పన్నెండొస్తాయి బాబూ, పదమూడోదానికి
రెండు ముక్కలు అతకాల.”
అతికింది.
గొడుగు కింద అడ్డంగా ఒక కుట్టు,
దగ్గరికి తీసుకుంటే తప్ప కనిపించదు.

శనివారం బల్ల మీద కుప్పగా పోసి
తలోటి తీసుకోమన్నాను.
ఎవరికేది అన్నది నా పనిలోకి రాదు.
తపన్ అందరికంటే ముందొచ్చాడు.
రెండు తిరగేశాడు, మూడోది తీశాడు,
జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.
తర్వాత చూస్తే కుప్పలో అతుకున్నది లేదు.

చూసి తీసుకున్నాడో,
చూడకుండానే చేతికొచ్చిందో.
పుస్తకంలో దానికి గడి లేదు.

ఇసరు తన ‘గు’ని తిప్పి తిప్పి చూసి
“ఇది తెలుగా సార్?” అన్నాడు.
కాదన్నాను.
మడిచి, లాగు నడుములోకి దోపుకున్నాడు.

పంపు సూది మళ్లీ ఎక్కడో పోయింది.
సోమవారానికి అయిదు బంతులకీ
గాలి కొట్టాలి.