ఎదురు పెట్టె

వాల్పరైసో కొండకి
తాడు రైలు నడిపేది వెన్సెస్లావో,
టికెట్లు చింపేది నేను.
ఒక పెట్టె ఎక్కాలంటే ఇంకోటి దిగాల్సిందే.
అతని జీతం ఎక్కుతుంటే
వడ్డీ ఎదురొచ్చేది.

ఫ్రిజ్ చచ్చి ఆరేళ్లు,
దాని కిస్తీ మాత్రం బతికే ఉండేది.
కట్టుడు పళ్లూ దుకాణం కార్డు మీదే:
నవ్వితే నెలకింత.

పింఛనుకి ఇంకా నాలుగు నెలలుండగా
నిన్న ఆఖరి రశీదు తెచ్చాడు.
కౌంటరు పిల్ల కొత్త కార్డు చాపిందట,
"మీలాంటి ఖాతాదారులు అరుదండీ" అంటూ.
పళ్లన్నీ కనబడేలా నవ్వి వచ్చేశాడట.

రశీదు మడిచి, మళ్లీ విప్పి,
నాకే మూడుసార్లు చూపించాడు.
"అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో హెర్మీనియా!"

ఆ కార్డు
మొన్న నేను తీసుకున్నాను.
చెప్పలేదు.
పొగమంచులో రెండు పెట్టెలూ
సగం దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి.