పిట్టకు కొమ్మ

లుబోమిర్ కొట్టు నేను నడిపే ట్రామ్ దారిలోనే.
మూడు నెలలుగా, రోజుకి ఆరుసార్లు,
ఆ మలుపులో వేగం తగ్గించిన ప్రతిసారీ
అద్దం వెనక నిలబడి నన్నే చూస్తాయి
నా భుజం దాకా వచ్చే జంట స్పీకర్లు.
పాతవే. ఒకదానికి మోకాలి దగ్గర గీత.
పదిహేను వందల జ్లోటీలు.

నా దగ్గర పదహారు వందలున్నాయి:
ఒక చలికాలం రాత్రి షిఫ్టులు,
పంటి డాక్టరుకి చెప్పిన రెండు అబద్ధాలు.

శనివారం లోపలికెళ్లాను.
లుబోమిర్ ఏమీ అడక్కుండా ఓ రికార్డు పెట్టాడు.
డబుల్ బేస్ ఒక్కటే. వాయించేవాడెవరో
ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది.
అట్టడుగు తీగ మోగినప్పుడు
ముందు బూట్లలో పాదాలకి తెలిసింది,
తర్వాత చెవులకి.
ఇక బేరమాడే మొహం పెట్టడం నా వల్ల కాలేదు.

"గది ఎంత?"
"మూడు మీటర్లకి నాలుగు.
అందులోనే మంచం, బీరువా, హీటరు."
"అయితే వీటిని గోడకి ఆనించాల్సిందే.
ఆనిస్తే ఈ స్వరం ఇలా ఉండదమ్మా,
ఖాళీ పీపా దొర్లించినట్టుంటుంది.
అమ్ముకునేవాణ్ణి, నేనే చెబుతున్నా."

మంచమున్నంతవరకే కాళ్లు చాపుకోవాలట.
నా గదిలో మంచమే ఉంది,
కాళ్లకే చోటు లేదు.

అప్పుడు బల్ల మీంచి చిన్నవి తీశాడు.
చెప్పుల పెట్టెలంతే ఉన్నాయి. కొత్తవి. పదకొండు వందలు.
అదే రికార్డు. తీగ మీద వేలు జారే రాపిడి
ఇంకా దగ్గరగా, నా చెంప పక్కనే.
అట్టడుగు స్వరం వచ్చేసరికి మాత్రం
మర్యాదగా పక్కకి తప్పుకున్నాయి.
లేని గొంతు ఉన్నట్టు నటించలేదు.

పిట్ట కొంచెం కూత ఘనం అనుకుని
డబ్బు తీశాను. అప్పుడు చెప్పాడు,
పిట్టకి కొమ్మ కూడా కావాలని.
ఇనప స్టాండ్లు, లోపల ఇసుక పోసుకునేవి,
నాలుగు వందల యాభై.
వెరసి పదిహేను వందల యాభై!
పెద్దవాటి కన్నా యాభై ఎక్కువ!

"పుస్తకాల అరలో పెట్టుకుంటా,
పేరే అది కదా" అన్నాను.
"పెట్టుకో. అప్పుడు అర కూడా పాడుతుంది."

కొమ్మ లేకుండానే ఇంటికి తెచ్చాను,
ప్రయాణికురాలిగా, ఒళ్లో పెట్టుకుని.
మా ట్రామ్ ఇంత కుదుపుతుందని
నాకు ఆ రోజే తెలిసింది.

కింది అంతస్తు జెనోబియుష్ గారు
మెట్ల మీద ఎదురై నా పెదాలు చదివారు.
ముప్పై ఒక్క ఏళ్లు నేత మిల్లులో ఉన్న మనిషి,
చెవులు అక్కడే వదిలేసి వచ్చారు.
సాయంత్రం రెండు ఎత్తు పీటలతో పైకొచ్చారు.
మిల్లు మూసేసిన రోజు తలా ఒకటీ పట్టుకుపోయారట,
కొందరు గడియారాలు, కొందరు తలుపులు,
ఈయన క్యాంటీను పీటలు.

కూర్చుంటే నా చెవికి సరిగ్గా సమానం.
రికార్డు పెట్టాను.
ఆయన ఒక పెట్టె మీద అరచెయ్యి ఆనించి
కళ్లు మూసుకున్నారు. చాలాసేపు.
అట్టడుగు తీగ దగ్గర కళ్లు తెరిచి,
"ఇక్కడొకటి తగ్గింది" అన్నారు.

వినపడని మనిషి పట్టేశాడు.
నా ముఖం చూసి నవ్వారు.
"తగ్గితే తగ్గిందిలే.
మూడో షిఫ్టులో తొమ్మిదో మగ్గం
రాత్రంతా ఆ ఒక్క స్వరమే.
ఎముకల్లో ఇంకా ఉంది నాకు,
కావాలంటే నువ్వే తీసుకో."

సోమవారం మలుపు దగ్గర వేగం తగ్గించాను.
పెద్దవి ఇంకా నిలబడే ఉన్నాయి.
చక్రం పట్టాని ఒరుసుకున్నప్పుడు
నా సీటు కింద ఆ స్వరమే లేచింది,
పాదాల్లోంచి మోకాళ్ల దాకా.
దీనికి నాకు జీతం కూడా ఇస్తున్నారు.

ఎడమ పీట ఒక కాలు పొట్టి.
దాని కింద మడిచిన ట్రామ్ టికెట్లు రెండు.