ఒక్కసారే వచ్చింది

పొద్దంతా ముఖాలు తెల్లగా చేయడం నా పని.
పలమనేరు బస్టాండు వెనక, మిద్దె మీద అంగడి.
పన్నెండడుగుల ఫ్లెక్సులో
పుట్టినరోజు అన్నకు మొటిమలు తుడుస్తాను,
గడ్డం కింది మడత లాగేస్తాను,
వెనక నిలబడ్డ పదిమందికీ ఒకే వెలుగు పూస్తాను.
ఈ రంగు నిజమేనా అని
ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

మునిలచ్చుమక్క అడిగింది.

అమాస ముందరా వెనకా నాలుగు రాత్రులు
అడివంచున ఆమె చెరుకు తోట గట్టు మీద
నా ముక్కాలిపీట, పాత కెమెరా,
భూమి తిరిగినంత మెల్లగా తిరిగే చిన్న మోటారు.
ఆమెకు మంచె, ఒక టపాకాయల పొట్లం,
బ్యాటరీకి కట్టిన ఫోకస్ లైటు.
నాకు చీకటి కావాల,
ఆమెకు వెలుతురు.
చివరికి బేరం కుదిరింది:
రెండు నిమిషాలు ఆర్పుతుంది, అర నిమిషం వేస్తుంది.
ఆ అర నిమిషం నేను కళ్లు మూసుకుంటాను.

కావిడి చుక్కలు ఆమెకు నాకంటే ముందే తెలుసు.
పిల్లలకోడి ఎప్పుడు వాల్తుందో చూసి
ఏనుగులు దిగే జామేదో చెబుతుంది.
కావిడి కింద మసగ్గా ఉన్నదాన్ని నేను పెద్దది చేసి చూపిస్తే
ఎర్రగా, గులాబీగా, రెక్క విప్పిన పొగ.
"కంటికి బూడిద మాదిరి ఉండేది ఇట్లెట్లయింది జిలానీ?
మండీలో కాయకి మందు కొట్టినట్టు కొట్టినావా?"
"లేదక్కా. రంగు ఆడే ఉండాది. మన కంటికే చాల్లేదు."
నమ్మలేదు. నేనూ
పూర్తిగా నమ్మి చెప్పలేదు.

నూట నలభై ఫ్రేములు.
ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఇసుక రాలినట్టు గరుకు.
ఒకదాని మీద ఒకటి పేర్చితే
గరుకంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని
ప్రతిసారీ ఉన్నది మాత్రం మిగులుతుంది.
విమానం గీత పోతుంది. శాటిలైటు పోతుంది.
పడమట బెంగుళూరు దీపాల తెల్లపొరను
నేనే చేత్తో తీసేస్తాను, పాలమీద మీగడ తీసినట్టు.
లెక్క సులువు:
ఒక్కసారే వచ్చింది నిజం కాదు.

తెల్లారుజాము ఫ్రేము, నూట ముప్పై ఏడోది.
కావిడి అడివి నెత్తిన దిగబోతా ఉండగా
కింద ఆ తెల్లపొర మీద
చుక్కలు లేని ఒక వంపు.
వీపు. పక్కన చెవిలాంటి మసక.
ముప్పై గజాల దూరంలో రెండు నిమిషాలు
కదలకుండా నిలబడి ఉండాది,
మా ఇద్దరినీ చూస్తానో, చెరుకును చూస్తానో.
లైటు వేసేసరికి లేదు.
మేము వక్కాకు నములుతా
కర్ణాటక బస్సు చార్జీల గురించి మాట్లాడుకుంటా ఉన్నాం.

పేర్చిన బొమ్మలో అది లేదు.
పదమూడు వందల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు ఉంది,
గట్టు దాటి వచ్చింది లేదు.

మర్నాడు తోటలో నాలుగు సాళ్లు నేలమట్టం.
నష్టానికి ఫోటో కావాలన్నాడు ఫారెస్టాయన.
ఆ ఒక్క ఫ్రేమూ ప్రింటు తీసి ఇచ్చినాను.
తిప్పి చూసినాడు, మడిచి చూసినాడు.
"ఇందులో ఏనుగేదమ్మా? చీకటి తప్ప?"

రాత్రి అంగట్లో షట్టరు సగం దించి
ఆ వంపును తెరిచినాను.
వెలుగు పెంచితే ఇసుక. ఇంకా పెంచితే ఇంకా ఇసుక.
ఒక దంతం, రెండు కళ్లు, చెవికి ఒక అంచు,
గీయడం నాకు పది నిమిషాల పని.
దానికంటే పెద్ద అబద్ధాలకు
ఈ వీధి నిండా కొయ్యలు పాతి ఉన్నాయి.

మునిలచ్చుమక్క గడప మీద కూచోనుంది.
తెరను చూడలేదు. నా చేతిని చూస్తా ఉంది.
"నిన్న చెప్పినావే," అన్నది,
"ఉండాది గానీ మన కంటికి చాల్లేదని."

మౌసు మీద వేలు అట్లే ఉంది.
కింద ఆఖరి కుప్పం బస్సు
హారన్ కొట్టుకుంటా పోయింది.