వెనక్కి, ఇంకొంచెం వెనక్కి

సస్కాచెవాన్ నుంచి యూమా దాకా
ఒక్కతే నడుపుకొచ్చింది ఆర్డిస్.
ముప్పై అడుగుల బండి,
నంబరు పలక మీద ఇంకా మంచురోడ్ల ఉప్పు.

పదకొండు చలికాలాలు
అద్దంలో వెర్నన్ చెయ్యే ఆమెకి దారి.
రా, రా... చాలు.

ఈసారి గులకరాళ్ల మీద ఎవరూ లేరు.
బండి ఆగింది. ఇంజను గొణుగుతోంది.

మేం ఐదుగురం ముసలాళ్లం
మడతకుర్చీల్లోంచి మోకాళ్లు పట్టుకుని లేచాం,
తలోవైపూ చేతులూపాం.
ఒకడు కుడి అంటే ఒకడు ఎడమ.
బండి వెళ్లి నీళ్లపంపుని గుద్దింది.

దిగి, ఎగజిమ్ముతున్న నీళ్లని
నడుం మీద చేతులేసుకుని చూసింది.
"మొదటి ఏడు వెర్నన్ కూడా
దీన్నే గుద్దించాడు."

నవ్విందో, ముఖం మీద నీళ్లు తుడుచుకుందో.

పంపు కట్టేసేసరికి
ఎడారిలో మాకో మడుగు.
ఇంకిపోయేలోగా
దాని చుట్టూ కుర్చీలు జరుపుకున్నాం,
ఆరు.